నారింజ జిగ్గు, తెల్ల జిగ్గు, ఒక మీసం

ఆ శనివారం ఉదయం ఆర్వో కెస్కినెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదున్నరకు కాఫీ తాగాలి. ఆరింటికి స్టెఫా గాలాల కొట్టు తెరవగానే లోపలికి దూరి, గాలానికి ఎరగా కట్టే నాలుగంగుళాల తెల్ల రబ్బరు జిగ్గులు రెండు కొనాలి. ఏడింటికల్లా కెటిల్ సరస్సు మంచుగడ్డ మీద ఉండాలి. ఎనిమిదింటికి పోటీ ఈల ఊదగానే జిగ్గును తొంభై అడుగుల లోతుకు దింపాలి. మధ్యాహ్నం మూడింటిలోపు బావమరిది ఓన్ని పట్టిన దానికన్నా పెద్ద ట్రౌట్ చేపను పైకి లాగాలి. నలభై ఏళ్ళుగా ఆ సరస్సు మీద కూర్చుంటున్నవాడు కాబట్టి ఇందులో కష్టమైన పని ఒక్కటీ అతనికి కనిపించలేదు.

"నిన్నా మొన్నా కూడా పట్టావుగా చేపలు. ఇవాళ మాత్రం ఇంత కంగారేంటి?" అంది భార్య లెంపి, యాలకుల రొట్టె ముక్కలు డబ్బాలో సర్దుతూ.

"కంగారా? నాకా?" అన్నాడు ఆర్వో. అంటూనే అతని చేయి మీసం మీదికి వెళ్ళిపోయింది.

కంగారంతా దాని గురించే. కిందటి శనివారం ఓన్ని ఇంట్లో ఆవిరిగదిలో ఇద్దరూ తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నప్పుడు ఓన్ని ఊరుకోలేక, "బావా, నీ మీసానికున్న పేరు నీ గాలానికి లేదు" అన్నాడు. "ఒరేయ్, నీకు ఆ రెండింటికీ లేదు" అన్నాడు ఆర్వో. మాటామాటా పెరిగింది. రాళ్ళ మీద నీళ్ళు పోసిన కొద్దీ ఆవిరి కూడా పెరిగింది. ఇద్దరూ ఎర్రగా ఉడికి బయటపడేసరికి పందెం ఖాయమైపోయింది. పోటీరోజు ఎవరి చేప బరువు తక్కువ తూగితే వాడు తూకం బల్ల దగ్గర అందరి ముందూ మీసం తీయించుకోవాలి.

ఓన్నికి మీసం పోతే మీసమే పోతుంది. ఆర్వో సంగతి అలా కాదు. అతని పై పెదవి ఉందా లేదా అన్నంత సన్నం. పదిహేడో ఏట కలప నరికే శిబిరంలో పనికి చేరినప్పుడు అక్కడివాళ్ళు అతనికి 'పెదవి మింగినోడు' అని పేరు పెట్టి, మూడు చలికాలాలు ఆ పేరుతోనే పిలిచారు. నాలుగో చలికాలానికి మీసం పెంచాడు. ఆ తరవాతే లెంపి కనిపించింది. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయినా ఆమె ఆ పెదవిని చూడలేదు. చూస్తే నవ్వుతుందని అతని భయం. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. బావమరిదికి అసలే చెప్పలేదు.

అయినా భయపడాల్సిన పని లేదనుకున్నాడు. మూడు రోజులుగా రోజుకొక పెద్ద ట్రౌట్ పడుతోంది. కారణం తెల్ల జిగ్గు. సీసపు తలకాయ, దాని కింద గొట్టంలాంటి రబ్బరు ఒళ్ళు, చివర కుచ్చు. ఆ కుచ్చును ఆర్వో కత్తెరతో అరంగుళం కత్తిరిస్తాడు. అడుగుదాకా దింపి గబగబా పైకి చుడితే, చిన్న చేపేదో పారిపోతోందనుకుని ట్రౌట్ వెంటబడుతుంది. చిక్కల్లా ఒకటే. నమిలి నమిలి ట్రౌట్‌లు రెండు జిగ్గుల్ని పీలికలు చేసేశాయి. పెట్టెలో మంచిది ఒక్కటే మిగిలింది.

ఆర్వో స్టెఫా కొట్టు తలుపు తోసేసరికి లోపల ఇసుక వేస్తే రాలడం లేదు. అందరూ జిగ్గుల అర దగ్గరే ఉన్నారు. మబ్బురోజు కాబట్టి చీకట్లో మెరిసేవే వేయాలని ఒకడు, చలి సున్నాకు ఇరవయ్యారు డిగ్రీలు కిందికి దిగింది కాబట్టి బరువైనవే దించాలని ఇంకొకడు వాదించుకుంటున్నారు. ఆర్వోను చూడగానే అందరూ కలిసికట్టుగా నోరు మూశారు. మూడు రోజులుగా చేపలు పడుతున్న మనిషి ఏ జిగ్గు కొంటాడో చూడాలని ఇరవై జతల కళ్ళు అతని చేతుల మీద పడ్డాయి. కాఫీ బిందె పక్కన నిలబడ్డ ఓన్ని కళ్ళు కూడా వాటిలో ఉన్నాయి.

కెటిల్ సరస్సు మీద ఒక మర్యాద ఉంది. ఏ జిగ్గు వేశావని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకపోవడం పొగరు. నిజం చెప్పడం తెలివితక్కువ. అందుకే పెద్దమనుషులందరూ చక్కగా అబద్ధమాడతారు. ఎవరైనా తమవైపు నడిచి వస్తుంటే చేపలు పడుతున్న జిగ్గును చటుక్కున తీసేసి, పనికిరానిదేదో కట్టి కూర్చుంటారు. చర్చిలో పాట పాడే గోర్డన్ కూడా అంతే.

ఆ ఇరవై జతల కళ్ళ ముందు తెల్ల జిగ్గు ముట్టుకోవడమంటే మీసం తనే గొరిగించుకోవడమని ఆర్వోకి అనిపించింది. చేయి తెల్ల వాటిని దాటుకుని, గోడ మూలనున్న దుమ్ము డబ్బాలోకి వెళ్ళింది. నారింజ రంగు ఒళ్ళు, ఊదారంగు తోక ఉన్న జిగ్గులు అందులో ఉన్నాయి. చేపలేం ఖర్మ, పిల్లి కూడా చూసి పక్కకు తప్పుకునేలా ఉన్నాయి. ఆర్వో అరడజను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవా?" అంది స్టెఫా. "పదకొండేళ్ళుగా పడి ఉన్నాయి. నీ బుర్ర బాగానే ఉందా?"

"మెల్లగా మాట్లాడు స్టెఫా" అన్నాడు ఆర్వో, కొట్టంతా వినబడేంత మెల్లగా.

అతను తలుపు దాటకముందే వెనకాల తొక్కిసలాట మొదలైంది. డబ్బా అడుగు కనిపించేదాకా ఎవరూ ఆగలేదు. అందులో రెండు ఓన్ని జేబులోకి వెళ్ళడం తలుపు అద్దంలో చూసి, ఆర్వో చాలా రోజుల తరవాత మీసం మెలేశాడు.

ట్రక్కు ఎక్కాక తెల్ల జిగ్గులు కొనలేదన్న సంగతి గుర్తొచ్చింది. వెంటనే లెంపికి ఫోన్ చేశాడు.

"లెంపీ, నువ్వెలాగూ పోటీ దగ్గర సూప్ అంగడికి వస్తావుగా. దారిలో స్టెఫా దగ్గర నాలుగంగుళాల తెల్లవి రెండు తీసుకురా. ఎవరికీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"అబ్బా, చెప్పకూడదంతే!"

"సరే. ఎవరితోనూ ఒక్క మాట అనను" అంది లెంపి. ఆమె మాటంటే మాటే. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడని మనిషి. అది ఆ ఇంటికి అప్పుడప్పుడు పెద్ద ఇబ్బంది కూడా.

సరస్సు మీద పోటీరోజు గుడారాలు వేయకూడదు. పాతరోజుల్లో ఒకాయన గుడారంలో నిన్నటి చేపను దాచి ఇవాళ తూకానికి పెట్టాడని ఆ నియమం వచ్చింది. కాబట్టి నూట నలభై మందీ బోర్లించిన బకెట్ల మీద బహిరంగంగా కూర్చున్నారు. ఆర్వో మంచుగడ్డలో తన కన్నం తొలుచుకునేసరికి గోర్డన్, అతని తమ్ముళ్ళు, ఇంకా పేరు తెలియని జనం అతని చుట్టూ ఇరవై కన్నాలు తొలిచారు. అందరి గాలాలకూ నారింజ జిగ్గులే. ఆర్వో కూడా ఒక నారింజది టోపీకి గుచ్చుకున్నాడు. ఉన్న ఒక్క తెల్లదాన్ని మాత్రం అరచేతిలో దాచి, దగ్గినట్టు వంగి కన్నంలోకి జార్చాడు.

తొమ్మిదిన్నరకు లెంపి వచ్చింది. నూట నలభై మంది మధ్యలోంచి, అద్దంలాంటి ప్లాస్టిక్ సంచిలో రెండు తెల్ల జిగ్గులు ఊపుకుంటూ, నవ్వుతూ వచ్చింది.

"ఇవిగో, తెచ్చాను."

చుట్టూ ఇరవై బకెట్లు ఒక్కసారి ఇటు తిరిగాయి. ఆర్వోకి కాళ్ళ కింద మంచు కరిగినట్టయింది. వెంటనే గొంతు పెంచాడు.

"ఏంటీ చెత్త? ఇవెవడు వేస్తాడు? చేపలు నవ్వుతాయి! తీసుకుపో ఇక్కణ్ణించి!"

అంటూ కన్ను గీటాడు. లోపల దాచి తరవాత ఇవ్వమని దాని అర్థం. కానీ ఆ చలికి అప్పటికే అతని కనురెప్పల మీద మంచు పేరుకుని ఉంది. ఆ కన్నుగీటు లెంపికి కంట్లో నలక పడ్డట్టే కనిపించింది.

"చెత్తా?" అంది లెంపి. "ఊరు చుట్టి తెచ్చాను. చెత్తా?"

"చెత్తే! పట్టుకుపో!"

లెంపి విసురుగా వెనక్కి తిరిగింది. 'చూశావా, ఎంత బాగా నటించిందో' అని ఆర్వో మనసులో మెచ్చుకున్నాడు. గోర్డన్ తన నారింజ జిగ్గును ఇంకొంచెం నమ్మకంగా ఆడించాడు.

ఆ సంచి ఎటు వెళ్ళిందో ఆర్వోకి తెలియలేదు. మనం తెలుసుకుంటే తప్పులేదు. ఒడ్డుకు వెళ్ళే దారిలో ఓన్ని బకెట్ ఉంది. ఉడికిపోతూ వస్తున్న అక్కను చూసి ఓన్ని, "ఏమైందక్కా?" అన్నాడు. బావ ఏ జిగ్గు వేస్తున్నాడో చెప్పనని లెంపి మాటిచ్చింది. చెప్పలేదు కూడా. సంచి మాత్రం తమ్ముడి ఒళ్ళో పడేసింది.

"ఇవి మీ బావకి చెత్తట. నీకు పనికొస్తే వాడుకో, లేకపోతే పారెయ్."

ఓన్ని సంచిలోకి చూశాడు. "అంత గట్టిగా అన్నాడా చెత్తని?"

"సరస్సంతా వినబడింది. నీకు వినబడలేదూ?"

అంత గట్టిగా తిట్టాడంటే అసలు సరుకు అదేనని ఓన్నికి అర్థమైపోయింది. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. మరో రెండు నిమిషాల్లో అతని గాలానికి తెల్ల జిగ్గు వేలాడుతోంది.

పదకొండు కావస్తుండగా ఆర్వో గాలం కర్ర విల్లులా వంగింది. అతను లేచి నిలబడ్డాడు. రీలు కీచుమంది. చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళ కన్నాలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు దగ్గరికొస్తే తెల్ల జిగ్గు కనిపిస్తుందన్న భయంతో ఆర్వో, "వెనక్కి! చేప బెదురుతుంది!" అని అరుస్తూ ఒక చేత్తో వాళ్ళను తోస్తూ, ఒక చేత్తో కర్ర పట్టుకుని, చేపకు వీపు పెట్టి నిలబడ్డాడు. దారం కన్నం అంచుకు ఒరుసుకుని పుటుక్కున తెగింది. చేపా పోయింది, ఉన్న ఒక్క జిగ్గూ పోయింది.

"అయ్యయ్యో! పెద్దదే" అన్నాడు గోర్డన్ సంతోషంగా. "నారింజదేగా?"

"నారింజదే" అన్నాడు ఆర్వో. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పరిస్థితి.

జనం వెళ్ళాక కర్ర చంకన పెట్టుకుని సూప్ అంగడి వైపు బయలుదేరాడు. లెంపి దగ్గర రెండు తెల్లవి భద్రంగా ఉన్నాయని అతని ధీమా. దారిలో ఓన్ని బకెట్ చుట్టూ జనం మూగి ఉన్నారు. మంచు మీద ట్రౌట్ ఒకటి పడుకుని ఉంది. పొడవు చూస్తే పదకొండు పౌండ్లకు తక్కువ ఉండదు.

బావ వస్తున్నాడని ఓన్ని యాభై గజాల దూరంలోనే చూశాడు. సరస్సు మర్యాద ప్రకారం తెల్లదాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మామూలుగా అయితే వేరే జిగ్గు కట్టి కూర్చుంటే చాలు. ఓన్ని కొంచెం కళాపోషణ ఉన్నవాడు. పొద్దున కొన్న నారింజ జిగ్గును తీసి చచ్చిన చేప నోట్లో గుచ్చిపెట్టాడు.

"రా బావా, రా! నీ పుణ్యమే ఇదంతా" అన్నాడు. "నువ్వు కొనబట్టేగా నేనూ కొన్నాను."

ఆర్వో చేప నోట్లోకి చూశాడు. నారింజ ఒళ్ళు, ఊదా తోక. నలభై ఏళ్ళుగా ఇదే పని తను ఎంతమందికి చేశాడో లెక్క లేదు. చేప నోట్లో ఉన్నది చేప మింగింది కాకపోవచ్చని ఆ సరస్సు మీద ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. కానీ ఎదురుగా పదకొండు పౌండ్లు పడి ఉంటే తెలివి ఒక పక్కన కూర్చుంది. మూడు రోజులు తెల్లది, ఇవాళ మబ్బు, మబ్బు పడితే రంగు మారుతుంది కాబోలు, తను ఆడిన అబద్ధం పొరపాటున నిజమైపోయింది కాబోలు అని తర్కించుకున్నాడు.

"బావా, సబ్బు నేను తెచ్చాలే. నువ్వు కొనక్కర్లేదు" అన్నాడు ఓన్ని.

ఆర్వో సూప్ అంగడి దాకా వెళ్ళనే లేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, టోపీకి గుచ్చిన నారింజ జిగ్గు పీకి గాలానికి కట్టుకున్నాడు. ఊరందరికీ తీసిన గోతిలో తనే దిగి కూర్చున్నాడు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. చేతులు కొయ్యబారిపోయాయి. మీసం గడ్డకట్టి రెండు వైపులా ఊచల్లా వేలాడుతోంది. ఆర్వో దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడ్డాడు. లెంపి నవ్వు చెవుల్లో వినిపిస్తున్నట్టే ఉంది. ముప్పై ఆరేళ్ళు కాపాడుకున్నది ఇంకో రెండు గంటల్లో పోయేలా ఉంది. రెండూ నలభైకి, ఆశ వదులుకున్నాక, ఏదో లాగింది. ఈసారి అతను ఎవర్నీ తోయలేదు, వీపూ తిప్పలేదు. ట్రౌటే! నారింజ జిగ్గుకే!

తూకం బల్ల మీద ఓన్ని చేప పదకొండు పౌండ్లు తూగింది. ఆర్వో చేప తొమ్మిదిన్నర.

"దేనికి పడింది ఆర్వో?" అనడిగాడు గోర్డన్.

"నారింజదానికి. ఒట్టు."

అప్పటికే ఓన్ని గెలిచిన ఉత్సాహంలో జేబులోంచి తెల్ల జిగ్గు తీసి ఊపేస్తున్నాడు. "ఇదీ అసలు సరుకు! బావగారు మూడు రోజులుగా దాచుకున్నది. మీకందరికీ నారింజది అంటగట్టి ఆయన దీన్ని వేశాడు!" అన్నాడు.

రోజంతా నారింజ జిగ్గులు ఆడించి ఒక్క చేపా పట్టని ఇరవై మంది ఆర్వో వైపు చూశారు. "ఇప్పుడు కూడా నారింజే అంటాడు చూడు! సిగ్గుండాలి" అంది వెనకనుంచి ఒక గొంతు. ఆర్వో తన జీవితంలో జిగ్గు గురించి మొదటిసారి నిజం చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

అతని చూపు ఆ తెల్ల జిగ్గు మీదే ఉంది. "లెంపీ, అది వాడికెలా వచ్చింది?"

"నేనే ఇచ్చా" అంది పక్కనే అంగడిలో సూప్ పోస్తున్న లెంపి. "చెప్పొద్దన్నావు, చెప్పలేదు. చెత్తన్నావు, పారేశాను. వాడి ఒళ్ళో."

"నేను కన్ను గీటానే!"

"నలక పడిందనుకున్నా."

ఆర్వోను బకెట్ మీద కూర్చోబెట్టారు. మీసం గడ్డకట్టి ఉంది కాబట్టి ముందు బఠానీ సూప్ గిన్నె ఆవిరి మీద ముఖం వంచమన్నారు. చుక్కలు చుక్కలుగా మంచు కరిగి సూప్‌లో పడింది. ఆ తరవాత సూప్ ఎవరూ అడగలేదు. ఓన్ని కత్తి తెరిచి ముందుకొచ్చాడు.

"నా మొగుడి మూతి మీద నీ పెత్తనమేంట్రా? ఇటివ్వు" అని లెంపి కత్తి లాక్కుంది.

ఆర్వో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పై పెదవికి చలిగాలి తగిలింది. నలభై ఏళ్ళుగా దానికి గాలి తెలియదు. కత్తి ఆగింది. లెంపి నవ్వు ఆపుకుంటోందనుకున్నాడు. ఆ క్షణంలో కన్నంలో దూకేద్దామనిపించింది కానీ, అది ఎనిమిదంగుళాల కన్నం.

"ఆర్వో, కళ్ళు తెరు."

తెరిచాడు. ఆమె నవ్వడం లేదు. కత్తి కిందకు దించి, అతని ముఖాన్ని కొత్తగా చూస్తోంది.

"ముప్పై ఆరేళ్ళు నా దగ్గర దీన్ని దాచావా?"

"సన్నంగా ఉంటుంది... నవ్వుతావని."

"పిచ్చోడా" అంది లెంపి. చేతి తొడుగు తీసి ఆ పెదవిని వేలితో తడిమింది. తరవాత నూట నలభై మంది ముందూ ముద్దు పెట్టింది. పెళ్ళిలో చేయి పట్టుకోవడమే ఎక్కువనుకునే ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒక్కసారి 'ఓ' అన్నారు. మీసం పోయాక ఆర్వోకి పదేళ్ళు తగ్గాయని స్టెఫా అంది. పదిహేనని ఇంకెవరో అన్నారు. ఆర్వో ఏం చేయాలో తోచక మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి సంతోషానికి.

జనంలోంచి ఓన్ని భార్య సిర్కా ముందుకొచ్చింది. ఆర్వో వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"సబ్బు మిగిలిందా వదినా?" అని లెంపిని అడిగింది.

"బోలెడుంది."

"ఓన్నీ, ఇలా వచ్చి కూర్చో."

"అదేంటే! గెలిచింది నేను!"

"కాదన్నదెవరు? కూర్చో."

ఓన్ని చుట్టూ చూశాడు. సాయం వచ్చేవాడు ఒక్కడూ లేడు. నారింజ జిగ్గులు కొన్నవాళ్ళందరూ కాస్త ఓదార్పు దొరుకుతుందేమోనని దగ్గరికి జరిగారు. ఓన్ని బకెట్ మీద కూర్చున్నాడు. కత్తి రెండు నిమిషాల్లో పని ముగించింది.

ఈసారి ఎవరూ 'ఓ' అనలేదు. సిర్కా తల ఒకసారి కుడివైపు వంచి చూసింది, ఒకసారి ఎడమవైపు వంచి చూసింది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. చివరికి తన మెడలోని మఫ్లర్ తీసి మొగుడి మూతికి గట్టిగా చుట్టి ముడేసి, "పరవాలేదులే, వేసవికల్లా పెరుగుతుంది" అంది.

సరస్సు సంఘం పుస్తకంలో ఆనాటి పందెం గెలిచినవాడిగా ఓన్ని పేరే రాసి ఉంది.